జింకల సీజన్‌కు ముందు రైఫిల్ స్కోప్ గురి సరిచేసుకోవడం ఎలా?

ఇది అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్‌లో, లైసెన్స్ తీసుకుని చట్టబద్ధంగా వేటాడేవాళ్ల కోసం. ఇండియాలో జింకను వేటాడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలుకు వెళ్లాల్సిందే. టెక్సాస్‌లో కూడా 1971 సెప్టెంబర్ 2న, ఆ తర్వాత పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. అది ముందు పూర్తిచేయండి.

తూటాలు ఇంట్లోనే రీలోడ్ చేద్దామని, అంటే కాల్చేసిన ఖాళీ తొడుగుల్లో మళ్లీ మందు, గుండు నింపుకుందామని చాలామందికి మొదట్లోనే ఉబలాటం. గురి కుదరని రైఫిల్‌లో ఎంత మంచి తూటా వేసినా దండగే. ముందు ఫ్యాక్టరీ తూటాలతో ఈ పని నేర్చుకోండి.

1. ఇంట్లో, రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, స్కోప్ మౌంట్ స్క్రూలు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. గుండు ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతుంటే తప్పు చాలాసార్లు ఈ స్క్రూలదే. స్కోప్‌కూ కంటికీ మధ్య మూడు, నాలుగు అంగుళాల ఎడం ఉండాలి. లేకపోతే వెనక్కి తన్నినప్పుడు కనుబొమ చీరుకుంటుంది.

2. రేంజ్‌లో కళ్లద్దాలు, చెవులకు మఫ్స్ పెట్టుకోండి. రైఫిల్ ముందు భాగం ఇసుక సంచి మీద ఆనాలి. బారెల్ మాత్రం సంచికి తగలకూడదు, తగిలితే గుండు పడే చోటు మారిపోతుంది.

3. మొదట 25 గజాలు. బోల్ట్ రైఫిలైతే బోల్ట్ (బారెల్ వెనక భాగాన్ని మూసే, చేత్తో లాగే కడ్డీ) తీసి, వెనకనుంచి బారెల్‌లోకి చూస్తూ టార్గెట్ మధ్య చుక్క బారెల్ నడుమకు వచ్చేలా రైఫిల్‌ను సర్దండి. ఇక దాన్ని కదపకుండా, స్కోప్‌లోని గీతలు కూడా అదే చుక్క మీదకు వచ్చేదాకా స్కోప్ మీది టరెట్‌లు (గురిని క్లిక్కు క్లిక్కుగా జరిపే గుండ్రటి మరలు) తిప్పండి. దీంతో తొలి గుండు కనీసం కాగితం మీదైనా పడుతుంది.

4. ఇప్పుడు మూడు గుళ్లు కాల్చండి. మూడూ కాల్చేదాకా టరెట్ ముట్టుకోవద్దు. నేను మొదటిసారి ప్రతి గుండుకూ ఓ నాలుగు క్లిక్కులు తిప్పుతూ, 20 తూటాల పెట్టె మొత్తం ఖాళీ చేశాను. చివరికి మొదలుపెట్టిన చోటే ఉన్నాను! ఒక్క గుండు పక్కకు పోతే అది మీ చెయ్యి వణకడం కావచ్చు, ట్రిగ్గర్‌ను గుంజడం కావచ్చు. మూడు గుళ్ల నడిమి చోటు చూస్తేనే స్కోప్ ఎక్కడుందో తెలుస్తుంది.

5. క్లిక్కుల లెక్క. ఎక్కువ స్కోప్‌లలో ఒక క్లిక్‌కు గుండు 100 గజాల దగ్గర సుమారు పావు అంగుళం జరుగుతుంది. అంటే అంగుళానికి నాలుగు క్లిక్కులు. 25 గజాల దగ్గర అదే అంగుళానికి 16 కావాలి. ఈ తేడా మర్చిపోయి తికమకపడేవాళ్లే ఎక్కువ. టరెట్ మీద ‘అప్’ అని బాణం గుర్తు ఉంటే అటు తిప్పితే గుండు పైకి పడుతుంది. రెండు అంగుళాలు కింద, అంగుళం కుడికి పడుతుంటే, 100 గజాల దగ్గర ఎనిమిది క్లిక్కులు పైకి, నాలుగు ఎడమకు.

6. టార్గెట్‌ను 100 గజాలకు మార్చి మళ్లీ మూడేసి కాల్చండి. ప్రతి మూడింటి తర్వాత బారెల్‌ను చల్లారనివ్వండి. వేటలో మీరు కాల్చే మొదటి గుండు చల్లటి బారెల్ నుంచే కదా. ఈ ఖాళీలో కాఫీ తాగండి, కంగారేం లేదు.

7. .308 విన్‌చెస్టర్, .30-06 లాంటి తూటా రకాలకు చాలామంది 100 గజాల దగ్గర గుండు ఒకటిన్నర, రెండు అంగుళాలు పైకి పడేలా వదిలేస్తారు. అప్పుడు 200 గజాల దగ్గర దాదాపు నడిమధ్యన పడుతుంది. మెస్కీట్ పొదల మధ్య దగ్గరి నుంచే కాల్చేవాళ్లకు ఇంత అవసరం లేదు, 100 గజాలకే సరిగ్గా పెట్టుకోవచ్చు.

ఏ తూటాతో గురి పెట్టారో ఆ బ్రాండ్, ఆ గ్రెయిన్ బరువు (గుండు బరువును గ్రెయిన్లలో కొలుస్తారు) పెట్టె మీద రాసిపెట్టుకోండి, వేటకూ అదే వాడండి. ఒకే రైఫిల్‌లో 150 గ్రెయిన్, 180 గ్రెయిన్ గుళ్లు ఒకే చోట పడవు. ట్రక్కులో గతుకుల రోడ్డు మీద రాంచ్ చేరాక, అక్కడ కాల్చడానికి అనుమతి ఉంటే, వేటకు ముందురోజు ఒక్క గుండు కాల్చి చూడండి. అనుకున్న చోట పడకపోతే స్క్రూలతోనే మళ్లీ మొదలు.