పాత కస్టమర్లకి డిస్కౌంట్ కన్నా తేదీలు ముఖ్యం

విజయనగరంలో నాకు రెండు క్యాంపర్ వ్యాన్లున్నాయి, అంటే లోపలే పడుకునే వీలున్న బండ్లు. అద్దెకిస్తాను. సంక్రాంతికీ, కార్తీక మాసం ఆదివారాలకీ ఫోన్లు ఆగవు. ముందు అడిగినవాళ్లదే బండి. దాంతో వానాకాలంలోనూ బండి తీసుకుని వ్యాపారం నిలబెట్టిన పాతవాళ్లకే సీజన్‌లో మొండిచెయ్యి. ఐదో ట్రిప్పుకి పది శాతం తగ్గింపని కార్డులు పంచితే అవి పర్సుల్లోనే పడున్నాయి.

బొబ్బిలి మాస్టారొకాయన మొహమాటం లేకుండా అనేశారు: "తగ్గింపు ఎవడిక్కావాలి బాబూ, తేలినీలాపురంలో పక్షులున్నప్పుడు బండి ఇయ్యి, చాలు." శ్రీకాకుళం జిల్లాలో చలికాలం వలసపక్షులొచ్చే ఊరది.

అప్పట్నుంచి సీజన్ తేదీలు ముందు పాతవాళ్లకే వాట్సాప్‌లో పంపుతున్నాను. వాళ్లు వద్దన్నవే వారం తర్వాత బయటివాళ్లకి. ఇందులో నాకు పైసా ఖర్చు లేదు.

ఇంకోటి, బండి తిరిగిచ్చే టైము. మామూలుగా ఉదయం పదికల్లా తెచ్చెయ్యాలి. ఆ రోజు ఇంకో బుకింగ్ లేకపోతే పాతవాళ్లకి సాయంత్రం దాకా వదిలేస్తాను. కళింగపట్నం బీచ్‌లో సూర్యోదయం చూసి, అరసవల్లిలో దర్శనం చేసుకుని నింపాదిగా వస్తారు. కడగడం, నీళ్ల ట్యాంకు నింపడం రాత్రికి జరుపుకుంటే సరిపోతుంది.

అన్నిటికన్నా పనిచేసింది పాతవాళ్ల అవసరాలు రాసుకునే నా నోట్‌బుక్కు. ఒక కుటుంబంలో మామ్మగారికి మోకాళ్ల నొప్పులు, వ్యాన్ మెట్టు ఎక్కలేరు. వడ్రంగి చేత జానెడెత్తు చెక్కపీట చేయించి, జారకుండా అడుగున రబ్బరు కొట్టించాను. వాళ్లు బుక్ చేస్తే పీట ముందే బండిలో ఉంటుంది. ఆ ఇంటి బంధువులంతా ఇప్పుడు నా దగ్గరికే వస్తున్నారు.

ఆషాఢం మాత్రం ఇంకా ఖాళీగానే ఉంటోంది. ఈసారి పాతవాళ్లకి రెండు రాత్రులు తీసుకుంటే మూడోది ఉచితమని చెప్పి చూస్తాను.