తలూపారంటే ఒప్పుకున్నట్టు కాదు

పరాయి దేశంలో టీమ్‌ను నడపడానికి వెళ్లేవాళ్లు ముందుగా నన్నడిగేది, ఆ దేశం గురించి ఏం చదవాలని. చదవండి, మంచిదే. నేనూ బాగా చదివే వెళ్లాను. అయినా దెబ్బతిన్నాను.

వెళ్లిన మూడో వారం, "శుక్రవారానికి అయిపోతుందా?" అని మీటింగ్‌లో అడిగాను. ఎనిమిది మందీ తలూపారు. శుక్రవారం ఏమీ చేతికి రాలేదు. మాట తప్పారని కోపం వచ్చింది. నిజానికి ఆ తలూపడానికి అర్థం "మీరు చెప్పింది విన్నాం" అని. నలుగురిలో పైఅధికారికి కుదరదని చెప్పడం అక్కడ అమర్యాద. ఇది నాకు తెలియని సంగతి కాదు. అవసరమైనప్పుడు గుర్తు రాలేదు, అంతే.

పరాయి సంస్కృతివాళ్లతో కుదురుగా పనిచేయగల నేర్పును సాంస్కృతిక ప్రజ్ఞ అంటారు. ఈ భావనను 2003లో క్రిస్టఫర్ ఎర్లీ, సూన్ ఆంగ్ అనే పరిశోధకులు పుస్తకరూపంలో వివరించారు. ఆ ప్రజ్ఞలో నాలుగు పాళ్లు: తెలిసి ఉండటం, తెలుసుకోవాలన్న తపన, మాటా తీరూ మార్చుకోగలగడం, మన ఆలోచనను మనమే కనిపెట్టుకుని ఉండటం. 20 వాక్యాల ప్రశ్నావళితో ఆంగ్ బృందం 2007లో వెలువరించిన పరిశోధనలో పనితీరుతో ముడిపడినవి చివరి రెండూ. తపన, కొత్తచోట కుదురుకోవడానికి అక్కరకొచ్చింది.

అందుకే పనితీరుతో ముడిపడిన ఆ రెండింటినే సాధన చెయ్యమంటాను. మీటింగ్‌కు ముందు నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాసుకోండి: ఈరోజు ఎవరు ఏమంటారనుకుంటున్నాను? బయటికొచ్చాక పక్కనే జరిగింది రాయండి. రెండూ ఎక్కడ కలవలేదో అక్కడే మీ ఊహ తప్పింది. నాకు మొదటి నెలంతా దాదాపు ఏదీ కలవలేదు.

తర్వాత ప్రశ్న మార్చండి. "అవుతుందా?" అంటే జవాబు అవుననే వస్తుంది. "ముందు ఏది మొదలుపెడతారు? ఎక్కడ ఆగిపోవచ్చు?" అనండి. అడిగాక నోరు మెదపకుండా మనసులో పది లెక్కపెట్టండి. ఇది నాకు చాలా కష్టమైంది. మౌనం కాస్త సాగితే చాలు, నేనే జవాబు అందించేసేవాణ్ణి. పెద్ద విషయాలైతే మీటింగ్‌కు ముందే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి.

అందరినీ ఒకే గాటన కట్టొద్దు. ఆ టీమ్‌లోనే ఒకావిడ, ఆరో వారంలో నా గదికొచ్చి "ఈ తేదీ కుదరదండీ" అని సూటిగా చెప్పింది. మీకూ అలా ఎవరైనా చెబితే ముఖం మాడ్చకండి. కారణం అడిగి తెలుసుకోండి. సబబుగా ఉంటే తేదీ ఆ రోజే మార్చండి, ఆ సంగతి టీమ్ అందరికీ మీరే చెప్పండి, మీకు చెప్పినవాళ్ల పేరు మాత్రం ఎత్తకండి.