ఎండిన అరటి చెట్టు పీకే ముందు

బీహార్‌లోని కటిహార్, పూర్ణియా జిల్లాల్లో, తర్వాత ఉత్తరప్రదేశ్‌లో జి-9 అరటి తోటలను పనామా ఎండు తెగులు ఎండబెట్టిందన్న వార్త వచ్చినా మన దగ్గర ‘అది అమృతపాణికి వచ్చేదేగా’ అనే ధీమా ఇంకా పోలేదు. ఈ తెగులు తెచ్చే శిలీంధ్రంలో రకాలున్నాయి, వాటిని రేస్‌లంటారు. అమృతపాణిని పాడుచేసేది రేస్-1. దానికి జి-9 లొంగదు, నిజమే. ఉత్తరాదిన కనబడింది ట్రాపికల్ రేస్-4. దానికి రెండూ లొంగుతాయి. 1950, 60లలో రేస్-1 గ్రాస్ మిషెల్ రకాన్ని తుడిచిపెడితే ప్రపంచమంతా కావెండిష్‌కు మారింది. మన జి-9 ఆ కావెండిష్ జాతిదే.

ఈ తెగులుకు మందు లేదు. శిలీంధ్రం బీజాలు ఒకసారి నేలలో చేరితే 20 ఏళ్లకు పైగా బతుకుతాయి. తొలకరి పడి, కొత్త నాట్లు మొదలై, ఒక తోట నీరు ఇంకో తోటలోకి దిగే రోజులొస్తున్నాయి. మన చేతుల్లో ఉన్నదల్లా మట్టిని కదలనివ్వకపోవడమే.

ముందు తెగులు అదేనో కాదో తేల్చుకోవాలి. నాటిన ఐదారు నెలలకు ముదురు ఆకులు అంచు నుంచి ఈనె వైపు పసుపెక్కుతాయి, తొడిమ దగ్గర విరిగి కాండం చుట్టూ పావడా కట్టినట్టు వేలాడతాయి. కాండం అడుగున నిలువు పగుళ్లు వస్తాయి. పొటాష్ తక్కువైనా ఆకు పసుపెక్కుతుంది కాబట్టి ఆకును చూసి తీర్పు చెప్పకండి. నేలకు అడుగు ఎత్తున కాండం మీద అరచేతి వెడల్పున పట్టలు కోసి చూడండి. ఆరోగ్యంగా ఉంటే లోపల తెల్లగా, మీగడ రంగులో ఉంటుంది. తెగులుంటే పట్టల్లో ఎర్రటి, గోధుమ రంగు దారాలు నిలువునా కనబడతాయి. ఆ ముక్కను గాజు గ్లాసు నీళ్లలో వేలాడదీసినప్పుడు పాలలాంటి ధార దిగితే అది బాక్టీరియా, వేరే జబ్బు. దుంప కుళ్లు అయితే కంపు కొడుతుంది, నెడితే చెట్టు మొదట్లో విరిగి పడుతుంది. పనామా తెగులుకు ఆ కంపు ఉండదు, చెట్టు నిలబడే ఎండుతుంది. కోసిన కత్తి ఇంకో చెట్టుకు తగలకూడదు. దుంప చీల్చి చూద్దామని తవ్వకండి, పట్టల్లో కనబడింది చాలు.

తోటలు పోయేది ఇక్కడే: చెట్టు ఎండగానే పీకేస్తారు. ఎండిన చెట్టు తోటలో ఉంటే పక్కవాటికి అంటుకుంటుందని సాయంత్రానికల్లా గునపాలతో దుంప పెకలిస్తారు. వేళ్లు తెగి సగం నేలలోనే ఉండిపోతాయి, ప్రతి ముక్కలోనూ శిలీంధ్రం ఉంటుంది. దుంపకు పట్టిన మట్టి పెళ్లలతో సహా చెట్టుకు తాడు కట్టి ట్రాక్టర్‌తో గట్టు దాకా లాగుతారు, అక్కడి నుంచి పంట కాలువలోకి తోస్తారు. తెగులు మూడు అడుగుల చోట ఆగేది, సాలు పొడవునా పరుచుకుంటుంది. మరుసటి పంటలో పసుపు సరిగ్గా ఆ లాగిన దారి వెంటే మొదలవుతుంది. కాలువ దిగువ తోటల సంగతి సరేసరి. పీకకండి. రోటవేటర్‌తో కలిపి దున్నేయడం అంతకంటే పెద్ద తప్పు.

చెట్టును నిలబడిన చోటే ఉంచి, చుట్టూ ఉన్న వరుస చెట్లను కూడా కలుపుకొని రిబ్బన్ కట్టండి. పచ్చగా కనబడే పక్క చెట్టు వేళ్లలో కూడా తెగులు ఉండొచ్చు. ఆ వలయంలోకి డ్రిప్ పైపు మూసేయండి. కాలువ నీరు పెట్టే తోటైతే నీరు వలయంలోంచి బయటకు పోకుండా చిన్న కట్ట వేయండి. రైతు సేవా కేంద్రంలో, ఉద్యానశాఖ అధికారికి చెప్పండి, నమూనా వాళ్లే తీసుకుంటారు. చెట్టు నిలబడి ఉండగానే కలుపు మందు ఇంజెక్షన్‌తో చంపాలి. గ్లైఫోసేట్ అనే కలుపు మందు మీద 2022 నుంచి కేంద్రం ఆంక్షలున్నాయి కాబట్టి సొంతంగా కొని పొడవకండి, అధికారి చెప్పిన మోతాదే. చచ్చాక అక్కడే నరికి, అక్కడే కిలో నుంచి రెండు కిలోల సున్నం వేసి, మందపాటి పాలిథీన్ కప్పండి. ఆ చోట మళ్లీ అరటి పెట్టొద్దు. ఆస్ట్రేలియాలోని టల్లీలో 2015లో ఈ తెగులు బయటపడితే, ఆ తోటనే అరటి రైతుల సంఘం 2016లో కొనేసి మూసేసింది. మనం అడుగుతున్నది నాలుగు చెట్ల చోటు.

రెండోది పిలక. తెగులు తగిలిన తోటలో పిలక నిగనిగలాడుతూనే ఉంటుంది, దుంప లోపల మాత్రం తెగులు ఉంటుంది. లీటరుకు ఒక గ్రాము కార్బెండజిమ్ అనే శిలీంధ్రపు మందు కలిపి అరగంట ముంచితే పైనున్నది పోతుంది, లోపలిది పోదు. టిష్యూ కల్చర్ మొక్క తెస్తే ల్యాబ్ ధ్రువపత్రం ఒక్కటే చూసి ఊరుకోకండి. కవర్లో నింపిన మట్టి ఎక్కడిదో అడగండి. అది అరటి పొలం మట్టి అయితే ల్యాబ్‌లో పడ్డ శ్రమంతా వృథా.

ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం వేసుకోండి: 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో తడి ఆరకుండా 15 రోజులు ఉంచి మొదళ్లకు వేయాలి. ఇది రాకముందు వేసేది, వచ్చాక వైద్యం కాదు. దీని మీద కార్బెండజిమ్ పోస్తే ట్రైకోడెర్మా చస్తుంది. షాపువాడు రెండూ ఒకే బిల్లులో రాసిస్తాడు, జాగ్రత్త.

గెలలు కోసే ముఠా కత్తులు మీ గేటు దగ్గరే కడగాలి. ముందు బ్రష్‌తో మట్టి పోవాలి, ఆ తర్వాతే మందు నీళ్లు. మట్టి ఉండగా బ్లీచింగ్ పనిచేయదు.

ట్రాక్టర్ టైర్ల మట్టి రోడ్డు మీదే రాలాలి, మీ సాలులో కాదు.

ఇంకో తోటలో పాతిన వెదురు గడలు అద్దెకు తేవద్దు.

ఎండిన చెట్టు పట్టలు పూలు కట్టడానికి, గెల చుట్టడానికి తీయొద్దు. దూట వండుకోవడానికి తీయొద్దు.

ఆ చెట్టు గెల పక్వానికొచ్చినా కోసి లారీ ఎక్కించొద్దు. కాయకు ఏమీ కాదు, గెల కాడలో శిలీంధ్రం ఉండొచ్చు.

ఎండిన చెట్టున్న మడిలో అన్నిటికంటే చివరగా పని చేయండి. చెప్పులు అక్కడే విడవండి.

యూరియా ఎక్కువ పోయొద్దు.

వరి వేసి మళ్లీ అరటికి రావడం మంచిదే. ఒక్క పంట వరితో నేల శుభ్రపడిందని అనుకోవద్దు.

పక్క తోట రైతుకు ఆ రోజే చెప్పండి, కాలువ ఇద్దరిదీ.

వాన పడేలోగా తోటంతా సాలు సాలూ తిరిగి చూడండి. పసుపు చెట్టు కనబడితే చేతిలో రిబ్బన్ ఉండాలి, గునపం కాదు.