ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ పల్లె కుటీరంలో దిగే ముందు జాగ్రత్తలు

• కట్టెల పొయ్యి వెలిగించే ముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం మీట నొక్కి చూడండి. ఆ వాయువుకు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీయగలదు. తలనొప్పి, వికారం మొదలైతే అందరూ బయటికి వచ్చి అత్యవసర నంబరు 999కి ఫోను చేయండి. మిగతావి మరచినా ఇది మాత్రం మరవవద్దు.

• చల్లారినట్టున్న బూడిదలోనూ నిప్పుంటుంది. మూతున్న ఇనుప బకెట్‌లో పోసి ఇంటికి దూరంగా ఉంచండి. గడ్డికప్పు ఇల్లయితే మరీ ముఖ్యం.

• పాత గుమ్మాలు పొట్టివి, తల వంచండి.

• లోయల్లో ఫోను సిగ్నల్ అందకపోవచ్చు. మ్యాపు, పోస్ట్‌కోడ్ ముందే దాచుకోండి.

• ఆదివారం పెద్ద దుకాణాలు మొత్తం 6 గంటల సేపే తెరిచి ఉంటాయి. బియ్యం, పప్పు శనివారమే కొనండి.

• పొలం గేటు తెరిచి ఉంటే అలాగే, మూసి ఉంటే మళ్లీ మూసి వెళ్లండి. లోపల గొర్రెలుంటాయి.