ఆరు నెలలకు ఒక్క ఫొటో: కూల్‌డ్రింక్ టిన్‌తో ఎలా తీయాలి?

హైదరాబాద్‌లో మీ డాబా మీద నుంచి కనిపించే వీధిని దాదాపు ఆరు నెలల పాటు ఒకే ఫొటోగా తీయొచ్చు. లెన్స్, బ్యాటరీ ఏవీ అక్కర్లేదు. ఖాళీ కూల్‌డ్రింక్ టిన్, సూది, నల్ల టేపు, బ్లాక్ అండ్ వైట్ ఫొటో పేపర్ చాలు. దీన్ని సోలార్‌గ్రఫీ అంటారు. ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ యూనివర్సిటీ అబ్జర్వేటరీలో 2012లో పెట్టిన ఇలాంటి టిన్‌ను 2020లో తెరిస్తే, ఎనిమిదేళ్ల సూర్యుడి దారులు ఒకే కాగితం మీద కనిపించాయి.

టిన్ పై భాగం కోసేసి, కడిగి ఆరబెట్టండి. ఓపిక కావాల్సింది రంధ్రం దగ్గరే. టిన్ ఎత్తుకు సరిగ్గా మధ్యలో సూది ఆనించి, మెల్లగా తిప్పుతూ నొక్కండి. మొన మాత్రమే దిగాలి. మిల్లీమీటరులో మూడో వంతు చాలు, అంతకన్నా పెద్దదైతే బొమ్మ అలుక్కుపోతుంది. లోపలి గరుకును సన్నటి ఎమరీ పేపర్‌తో రుద్ది, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. రంధ్రం గుండ్రంగా, అంచులు శుభ్రంగా ఉంటే కుదిరినట్టే. దాని మీద చిన్న టేపు ముక్క అంటించండి.

చీకటి గదిలో, ఎర్ర బల్బు వెలుతురులో 5x7 అంగుళాల పేపర్‌ను టిన్ ఎత్తుకు కత్తిరించి, మెరిసే వైపు లోపలికి ఉండేలా చుట్టి పెట్టండి. రంధ్రం పేపర్ చాటున పడకూడదు. పైన నల్ల అట్ట పెట్టి, టేపుతో గట్టిగా మూసేయండి.

ఇక దిక్కు. యూరప్ వాళ్లు దక్షిణం వైపు పెట్టమంటారు, మనకది పనికిరాదు. హైదరాబాద్‌లో డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, మే 9 ప్రాంతంలో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. టిన్‌కు ఎదురుగా సూర్యుడు 40 డిగ్రీల ఎత్తు దాటితే బొమ్మలో పడడు. అందుకే సూర్యుడు కిందుగా ఉండే తూర్పుకో పడమరకో తిప్పండి. తూర్పు వైపైతే సూర్యుడు గీసే డిసెంబరు గీత కుడి చివర, జూన్ గీత ఎడమ చివర, మధ్యలో ఎండ కాసిన ప్రతి రోజుకీ ఒక గీత. మబ్బు పట్టిన చోట గీత తెగిపోతుంది.

డిసెంబరు 21కి మొదలుపెట్టి, వానలు పడకముందే జూన్ మొదటి వారంలో దించేయండి. సొంత డాబా మీదే పెట్టండి. బయట ఎక్కడ కట్టినా జనం అనుమానపడతారు, పోలీసుల దాకా వెళ్తుంది. పిట్టగోడకో ఇనుప స్తంభానికో జిప్ టైలతో రెండు చోట్ల బిగించి, రంధ్రం మీది టేపు తీసేయండి. మొదటిసారి నేను నీళ్ల పైపుకి కట్టాను. ఎవరో అదే పైపుకి బట్టల తీగ కట్టారు. టిన్ కాస్త పక్కకి తిరిగి, ఎదురింటి ట్యాంకు రెండుగా పడింది. నాలుగు నెలలు పోయాయని ఎంత బాధపడ్డానో!

దించాక పేపర్‌ను డెవలప్ చేయొద్దు, ఫిక్సర్‌లో (మామూలుగా ఫొటో చెరిగిపోకుండా వాడే రసాయనం) అసలే ముంచొద్దు. బొమ్మ గోధుమ రంగులో అప్పటికే ఉంటుంది. మసక వెలుతురులో తీసి, ప్రివ్యూ లేకుండా ఒక్కసారే స్కాన్ చేయండి. తర్వాత ఫోన్‌లో రంగులు ఇన్వర్ట్ చేసి, పైభాగం కిందికి వచ్చేలా ఫ్లిప్ చేయండి. ఆటోలు, బస్సులు, మనుషులు ఎవరూ కనిపించరు. ఎదురుగా కొత్త బిల్డింగ్ లేస్తుంటే మాత్రం పై అంతస్తులు గాజులా, వెనకాల ఆకాశం కనిపించేంత పలచగా వస్తాయి. స్కాన్ అయ్యాక పేపర్‌ను వెంటనే నల్ల కవర్‌లో పెట్టేయండి, వెలుతురు తగిలితే మిగతా భాగం కూడా నల్లబడుతుంది.