వర్క్ ఫ్రమ్ హోమ్ అని వెతక్కండి, పని పేరు పెట్టి వెతకండి

మా పెద్దది అప్పుడు యూకేజీ, చిన్నోడికి పద్నాలుగు నెలలు. మధ్యాహ్నం వాడిని పడుకోబెట్టి, అంట్లు సింకులో అలాగే వదిలేసి, ఫోన్‌లో "వర్క్ ఫ్రమ్ హోమ్ జాబ్స్ ఫర్ లేడీస్" అని కొట్టేదాన్ని. మర్నాటి నుంచి ఫేస్‌బుక్ తెరిస్తే అవే యాడ్‌లు. అలా దొరికిందే నాకు ఫామ్ ఫిల్లింగ్ పని. రిజిస్ట్రేషన్‌కి 2,500 కట్టాలి, అయిదు రోజుల్లో 500 ఫామ్‌లు నింపాలి, తప్పులు నూటికి పది దాటకూడదు. రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని నింపాను. ఆరో రోజు రిపోర్ట్ వచ్చింది, తప్పులు ఎక్కువయ్యాయి కాబట్టి అగ్రిమెంట్ ప్రకారం మీరే కంపెనీకి 6,800 కట్టాలి అని. ఆ మర్నాడు వాట్సాప్‌లో లాయర్ నోటీసు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు, మా ఆయనకి చెప్పే ధైర్యం లేదు. చివరికి కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మా చిన్నాన్నకి చూపిస్తే నవ్వేసి, "డీపీలో త్రాసు బొమ్మ పెట్టుకున్నవాడల్లా లాయరైపోతాడా అమ్మా, ఆ నంబర్ బ్లాక్ చెయ్" అన్నాడు.

అది జరిగి నాలుగేళ్లు దాటింది, ఇప్పుడు నిజంగానే ఇంటి నుంచి పని చేస్తున్నాను. ఈ నాలుగేళ్లలో నాకు అర్థమైనదేంటంటే, వర్క్ ఫ్రమ్ హోమ్ అనే పేరుతో ఉద్యోగం ఎక్కడా ఉండదు. టాలీ (షాపు లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఎంట్రీ ఒక పని, ట్రాన్స్‌లేషన్ ఒక పని, కస్టమర్ సపోర్ట్ ఒక పని, ట్యూషన్ ఒక పని. వీటిలో కొన్నిటిని ఇంట్లో కూర్చుని చేయొచ్చు. "ఏ పనైనా పర్లేదు, ఇంటి నుంచైతే చాలు" అని వెతికేవాళ్ల కోసమే మోసగాళ్లు వల వేసుకుని కూర్చుంటారు, ఎందుకంటే ఏం పనో మనకే తెలియనప్పుడు దానికి మామూలుగా ఎంత ఇస్తారో, ఎవరిస్తారో కూడా తెలియదు, వాడు చెప్పిందే రేటు. కాబట్టి ముందు మీకేం వచ్చో కాగితం మీద రాసుకోండి. పెళ్లికి ముందు ఏడాది చేసిన ఉద్యోగమైనా సరే, ఎప్పుడో నేర్చుకున్న టైపింగ్ అయినా సరే.

నా సంగతే చెప్తాను. బీకాం, పెళ్లికి ముందు ఒక ఎరువుల షాపులో రెండేళ్లు బిల్లులు, లెక్కలు చూశాను. టాలీ మర్చిపోయాను గానీ, వారం రోజులు కూర్చుంటే చేతికి వచ్చేసింది. పాపని స్కూల్లో దింపి, అటునుంచి అటే మా ఊళ్లో మూడు సీఏ ఆఫీసులకి వెళ్లాను. ఇద్దరు వద్దన్నారు. మూడో ఆయన, "నెల మొదట్లో రండి, నాలుగు రోజులు చేసి చూపించండి" అన్నారు. నెల మొదట్లోనే ఎందుకంటే, నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లకి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, పన్ను కట్టే 3బి గడువు 20. ఆ రెండు తేదీల ముందు ఏ సీఏ ఆఫీసులో చూసినా బిల్లుల కట్టలు గుట్టలుగా పడి ఉంటాయి, ఎంట్రీ కొట్టే చేతులు చాలవు. మీరు అడగబోతే ఆ సమయంలో అడగండి, 25వ తేదీన వెళ్తే "చూద్దాం లెండి" అంటారు. మొదటి నెల నాకు వచ్చింది 3,000. ఇప్పుడు పదకొండు షాపుల లెక్కలు నా దగ్గరున్నాయి, షాపుకింత అని నెలకి. బిల్లుల ఫొటోలు నాకు వస్తాయి, ఆఫీసు కంప్యూటర్‌లోకి ఎనీడెస్క్‌తో (దూరంగా ఉన్న కంప్యూటర్‌ని మన ఇంటి నుంచి నడిపే యాప్) వెళ్లి ఎంట్రీ చేస్తాను. (ఎనీడెస్క్ అనగానే ఒక మాట. నేను వాళ్ల సిస్టమ్‌లోకి వెళ్తాను. నా ఫోన్‌లోకి నేను ఎవరినీ రానివ్వను. ఉద్యోగం ఇస్తాం, మీ ఫోన్‌లో ఇది ఇన్‌స్టాల్ చేసి కోడ్ చెప్పండి అన్నవాడు మీ బ్యాంకు యాప్ కోసం వచ్చినట్టే.)

ఊళ్లో అడగడం నామోషీ అనుకుంటారు చాలామంది. నాకైతే ఆన్‌లైన్‌లో మూడు నెలలు వెతికి దొరకనిది ఊళ్లో ఒక్క పొద్దుట్లో దొరికింది. మొహం చూసి పని ఇచ్చినవాడి ఆఫీసు ఎక్కడుందో మీకు తెలుసు, డబ్బు ఆలస్యమైతే వెళ్లి కూర్చోవచ్చు.

ఉద్యోగం వదలకుండా ఇంకా మెటర్నిటీ లీవులోనే ఉన్నవాళ్లయితే బయట వెతికే ముందు మీ కంపెనీనే అడగండి. పని తీరు ఇంటి నుంచి చేయగలిగేదైతే, లీవు అయిపోయాక కూడా ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీద ఇంటి నుంచి చేయనివ్వచ్చని 2017 సవరణతో ప్రసూతి చట్టంలోకే వచ్చింది. ఇచ్చి తీరాలని లేదు, కానీ అడగడానికి ఆధారం ఉంది. నోటి మాటగా కాకుండా మెయిల్‌లో అడగండి. ఉద్యోగం మానేసి రెండు మూడేళ్లు గ్యాప్ వచ్చినవాళ్ల కోసం కూడా పెద్ద కంపెనీలు విడిగా పిలుస్తుంటాయి, టీసీఎస్‌లో రీబిగిన్, ఇన్ఫోసిస్‌లో రీస్టార్ట్, అమెజాన్‌లో రీకిండిల్ అని పేర్లు. అన్నీ ఇంటి నుంచే అనుకోవద్దు, చాలావాటికి ఆఫీసుకి రావాలి, ప్రకటన మొత్తం చదవండి. హర్‌కీ అని ఆడవాళ్ల ఉద్యోగాల కోసమే ఒక సైట్ ఉంది, ఒకప్పుడు జాబ్స్ ఫర్ హర్ అనేవాళ్లు, అందులో కూడా చూడొచ్చు. నౌక్రీ, లింక్డ్‌ఇన్‌లో అయితే మీ పని పేరు కొట్టి, తర్వాత రిమోట్ అని ఫిల్టర్ పెట్టండి. ఎక్కడ చూసినా సరే, దరఖాస్తు మాత్రం ఆ కంపెనీ సొంత సైట్‌లోని కెరీర్స్ పేజీలో వేస్తే మధ్యలో ఎవడూ దూరడు.

తెలుగు బాగా వచ్చినవాళ్లకి ట్రాన్స్‌లేషన్, సబ్‌టైటిల్స్, ఆడియో విని టైప్ చేసే పనులు ఉన్నాయి. ఇక్కడ రేటు చూసి మోసపోయేది ఎక్కువ. గంట ఆడియోకి 600 అంటే గంటకి 600 వచ్చేస్తుందనుకుంటాం. గంట ఆడియో టైప్ చేయడానికి నాలుగు గంటలు పడుతుంది, ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడే రికార్డింగ్ అయితే అయిదారు. అంటే గంటకి 100, 150. అది మీకు సరిపోతే చేయండి, తప్పేం లేదు, కానీ లెక్క తెలిసి ఒప్పుకోండి. శాంపిల్ అడగడం మామూలే, అర పేజీ, ఒక పేజీ చేసి ఇవ్వొచ్చు. ఇరవై పేజీలు శాంపిల్‌గా అడిగారంటే అది శాంపిల్ కాదు, వాళ్ల అసలు పనే ఫ్రీగా చేయించుకుంటున్నారు.

మా వదిన అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలకి తెలుగు చెప్తుంది. డాలస్‌లో శుక్రవారం సాయంత్రం ఏడంటే మనకి శనివారం తెల్లవారుజామున అయిదున్నర, ఇంట్లో ఎవరూ లేవకముందే క్లాసు అయిపోతుంది. నవంబర్‌లో వాళ్లు గడియారం మారుస్తారు కాబట్టి అప్పట్నుంచి ఆరున్నర, మొదటి ఏడాది ఆ సంగతి తెలియక పాపం ఆవిడ గంట ముందే లేచి ఖాళీ స్క్రీన్ ముందు కూర్చుంది. మొదటి ఇద్దరు పిల్లలు చుట్టాల పిల్లలే, తర్వాత వాళ్ల అమ్మల వాట్సాప్ గ్రూపులే ఆవిడకి ప్రకటన. సంగీతం, శ్లోకాలు, లెక్కలు, ఏది వచ్చినా ఇదే దారి. ఫీజు నెల మొదట్లో తీసుకోండి, నెలాఖరుకి అడగడం మొహమాటం అయిపోతుంది.

కస్టమర్ సపోర్ట్ గురించి నిజం చెప్పాలి. తెలుగు వాయిస్ ప్రాసెస్‌కి, అంటే తెలుగులో ఫోన్ కాల్స్ మాట్లాడే పనికి, ఇంటి నుంచి తీసుకునే కంపెనీలు ఉన్నాయి, జీతం నెలనెలా పడుతుంది, కొన్ని లాప్‌టాప్ కూడా పంపిస్తాయి. కానీ అది తొమ్మిది గంటల షిఫ్టు, బ్రేక్ ఎప్పుడో కూడా వాళ్లే చెప్తారు, వెనక చప్పుడు ఉండకూడదు. నేను ఒకసారి ఫోన్ ఇంటర్వ్యూకి కూర్చుంటే సరిగ్గా "మీ ఇంట్లో నిశ్శబ్దంగా ఉండే గది ఉందా మేడమ్" అని అడిగినప్పుడే కుక్కర్ కూసింది, ఆ వెనకే చిన్నోడు లేచాడు. ఉద్యోగం రాలేదు, రాకపోవడమే మంచిదైంది. మూడేళ్ల లోపు పిల్లలుండి, చూసుకునే మనిషి లేకపోతే దాని జోలికి పోవద్దు. గడువులోపు ఎప్పుడు కూర్చుని చేసినా పర్లేదనే పని వెతుక్కోండి. మీ చేతిలో ఉన్న గంటలు కూడా నిజాయితీగా లెక్కపెట్టండి. నేను ఆరు గంటలు దొరుకుతాయనుకున్నాను, వారం పాటు రాసుకుంటే రెండున్నర తేలింది. ఇంట్లో ఉంటే ఖాళీగా ఉన్నట్టే అని అందరూ అనుకుంటారు, "ఇంట్లోనే ఉన్నావుగా, కాస్త గ్యాస్ బుక్ చెయ్" అంటారు. మా అత్తయ్యకి మొదటి నెల డబ్బు వచ్చాకే అది పని అని అర్థమైంది, ఆ రోజు నుంచి పది నుంచి పన్నెండున్నర దాకా ఆవిడే బాబుని చూస్తున్నారు.

ఇక మోసాలు. పని ఇచ్చేవాళ్లకి మీరు డబ్బు కట్టే పరిస్థితి రాకూడదు. రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, ఐడీ కార్డు, లాప్‌టాప్ డిపాజిట్, తర్వాత తిరిగి ఇచ్చేస్తాం అన్నా సరే. పెన్సిల్ ప్యాకింగ్ పేరుతో తిరిగేవి ఇలాంటివే, మేము ఇళ్లకి ప్యాకింగ్ పని ఇవ్వం మొర్రో అని వీళ్లు పేరు వాడుకున్న పెన్సిల్ కంపెనీ వాళ్లే చెప్పుకోవాల్సి వచ్చింది. వత్తుల మెషిన్ మా దగ్గర కొనండి, దూది మేమే ఇస్తాం, చేసిన వత్తులు మేమే కొంటాం అనేది ఇంకో రకం. మెషిన్ డబ్బు లక్షల్లో తీసుకుంటారు, మొదట్లో రెండు మూడు నెలలు కొంటారు కూడా, తర్వాత ఆఫీసుకి తాళం.

అన్నిటికంటే ప్రమాదం టెలిగ్రామ్ టాస్కులు. వీడియోకి లైక్ కొట్టండి, హోటల్‌కి రేటింగ్ ఇవ్వండి అంటారు, 150 నిజంగానే అకౌంట్‌లో పడుతుంది. అక్కడే మన నమ్మకం కొనేస్తారు. తర్వాత వెయ్యి కట్టే టాస్క్, 1,300 ఇస్తారు. అయిదు వేలు, ఇరవై వేలు. అప్పుడు యాప్‌లో లాభం కనిపిస్తుంది గానీ తీసుకోనివ్వరు, తీయాలంటే ట్యాక్స్ కట్టమంటారు. గ్రూపులో "నాకు వచ్చాయి" అని స్క్రీన్‌షాట్లు పెట్టే వాళ్లంతా వాళ్ల మనుషులే. 2023 డిసెంబర్‌లో కేంద్రం ఇలాంటివి వందకి పైగా సైట్లు బ్లాక్ చేసింది, అయినా కొత్తవి పుడుతూనే ఉన్నాయి. ఇంకొకటి, మీ అకౌంట్‌లో డబ్బు వేస్తాం, కమిషన్ ఉంచుకుని మిగతాది పంపండి అనే "పేమెంట్ పని". అది ఎవరినో మోసం చేసిన డబ్బు, కేసు మీ మీదకి వస్తుంది.

నమ్మే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కంపెనీ అయితే ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) సైట్‌లో పేరు కొడితే ఎప్పుడు రిజిస్టర్ అయింది, అడ్రస్ ఎక్కడ, నడుస్తోందా లేదా కనిపిస్తుంది. చిన్న సంస్థ అయితే జీఎస్టీ నంబర్ అడిగి జీఎస్టీ పోర్టల్‌లో చూడండి. కానీ నిజం కంపెనీ పేరు పెట్టుకుని దొంగలు మాట్లాడతారు కాబట్టి అది ఒక్కటే చాలదు, ఆ కంపెనీ అసలు సైట్‌లో ఉన్న మెయిల్‌కి రాసి "ఈ ఆఫర్ మీదేనా" అని అడగండి. ఆఫర్ లెటర్ జీమెయిల్ నుంచి వచ్చినా, మెయిల్ అడ్రస్‌లో ఒక అక్షరం ఎక్కువున్నా పక్కన పెట్టేయండి. పాన్ నంబర్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ అడగడం మామూలే, జీతం వేయాలంటే, టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయాలంటే కావాలి. (కోసిన టీడీఎస్, మీ ఆదాయం పన్ను పరిధిలో లేకపోతే, రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, వదిలేయకండి.) ఓటీపీ, యూపీఐ పిన్, ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వద్దు. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదు, కొట్టమన్నారంటే మీ డబ్బు పోతోందని.

ఏపీలో 2025లో గ్రామ, వార్డు సచివాలయం వాళ్లు వర్క్ ఫ్రమ్ హోమ్ సర్వే చేశారు. అందులో పేరు రాయించుకున్నంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు, దాని పేరు చెప్పి ఎవరైనా ఫోన్ చేసి డబ్బు అడిగితే అది ప్రభుత్వం కాదు.

ఒకవేళ డబ్బు పోయిందా, సిగ్గుపడుతూ కూర్చోవద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకా వాళ్ల అకౌంట్లలో ఉండగానే చెప్తే ఆపగలిగే అవకాశం ఉంది, గంటలు గడిచేకొద్దీ చేతులు మారిపోతుంది. ఏ బ్యాంకు, ఎంత, ఏ టైముకి, యూటీఆర్ (ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే) నంబర్ ఎంత అని అడుగుతారు, ఆ నంబర్ మీ యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే ఉంటుంది. చాట్ డిలీట్ చేయొద్దు, ఇంట్లో వాళ్లు చూస్తారని నేను చేసిన తెలివితక్కువ పని అదే. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా కంప్లైంట్ పెట్టొచ్చు. లాయర్ నోటీసు అని బెదిరిస్తే డబ్బు కట్టకుండా ఆ నోటీసు కూడా స్క్రీన్‌షాట్ తీసి అందులోనే జత చేయండి. నేను కంప్లైంట్ ఇచ్చేసరికి నెల దాటిపోయింది, నా 2,500 రాలేదు.