ఆక్సిజన్ గాలి కాదు: ఎయిర్ రైఫిల్ పిల్లలకీ, వాళ్ల మావయ్యలకీ

పోయిన నెల మా భీమవరం పక్క ఊళ్లో, రాత్రి పదిన్నర వేళ, చేపపిల్లల వ్యాను వెనక నిలబడి ఒక మావయ్య, మేనల్లుడు ఎయిర్ రైఫిల్ సిలిండర్‌కి గాలి ఎక్కిద్దామనుకున్నారు. తెల్లారితే కుర్రాడికి పోటీ. వ్యానులో ఆక్సిజన్ సిలిండర్ ఉంది. రెండు సిలిండర్లనీ కలపడానికి లేత్ వర్క్‌షాపులో చేయించిన ఇత్తడి అడాప్టర్ ఉంది. వాల్వ్ తిప్పారు. ఒక మెరుపు, ఒక చప్పుడు. మావయ్య కుడి చేతికి రెండు వేళ్లు సగానికి పోయాయి. కుర్రాడికి ఎడమ చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు. ఆ కుర్రాడు నా దగ్గర నేర్చుకుంటున్నవాడే.

ఆసుపత్రిలో ఆయన నన్ను అడిగింది ఒకే ఒక్క మాట: "గాలేగదండీ మాస్టారూ, ఏది కొడితే ఏంటండి అనుకున్నానండి."

ఈ వేసవి సెలవుల్లో మన వైపు చాలామంది పిల్లలు రైఫిల్ పడుతున్నారు. తుపాకీ గొట్టం మనిషి వైపు పెట్టొద్దు, ట్రిగ్గర్ మీద ఊరికే వేలు పెట్టొద్దు లాంటివి మొదటి రోజే ఎవరైనా చెప్తారు. నేను వాటి జోలికి పోను. ఎవరూ చెప్పని సంగతి, నేను కళ్లారా చూసిన సంగతి, అదే చెప్తాను. ఆక్సిజన్ గాలి కాదు.

ముందు సిలిండర్ గురించి

పది మీటర్ల పోటీల్లో వాడే మ్యాచ్ రైఫిల్‌కి గొట్టం కింద పొడుగ్గా ఉండే సిలిండర్‌లో సాధారణంగా 200 బార్ (ఒత్తిడి కొలత) దాకా గాలి పడుతుంది. లారీ టైరు గాలి ఎనిమిది, పది బార్లు. అంటే దానికి ఇరవై రెట్లు. మన తుపాకీ శక్తి 20 జౌల్స్ లోపు, గొట్టం 4.5 మిల్లీమీటర్లు, కాబట్టి 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. లైసెన్స్ అక్కర్లేదు అనేసరికి చాలామంది ఇళ్లలో ఇది బొమ్మ అయిపోయింది. పెల్లెట్ (గొట్టంలోంచి వెళ్లే చిన్న సీసం గుండు) మాట వేరు, సిలిండర్ మాట వేరు. పెల్లెట్‌కి ఏడెనిమిది జౌల్స్ మించవు. సిలిండర్‌లో అణిగి ఉన్నదాని ముందు అది ఏ మూలకీ రాదు.

గడువు చూడండి. మ్యాచ్ రైఫిల్ సిలిండర్ మీద తయారైన నెల, సంవత్సరం చెక్కి ఉంటాయి. చాలా కంపెనీలు పదేళ్లు అని రాస్తాయి. సీనియర్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న రైఫిళ్లకే ఈ గొడవ ఎక్కువ. రైఫిల్ బంగారంలా ఉంటుంది, సిలిండర్ పన్నెండేళ్లది అయ్యుంటుంది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల్లో కూడా గడువు దాటని సిలిండర్ వాడే బాధ్యత షూటర్‌దే. కొనేటప్పుడు బేరం ఆడాల్సింది దీని మీద, స్టాకు (భుజానికి ఆనించే భాగం) మీద గీతల గురించి కాదు.

నరసాపురం, అంతర్వేది వైపు వాళ్లు ఇంకో సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఉప్పు గాలికి అల్యూమినియం మీద తెల్లటి పొడిలా పొక్కుతుంది. సిలిండర్ బిగించే మరల (స్క్రూ చుట్ల) దగ్గర అలాంటిది కనపడితే గీకి వాడకండి, తెలిసినవాళ్లకి చూపించండి.

గాలి ఎక్కడిది

నింపడానికి మూడు దారులున్నాయి. శ్వాసకి పనికొచ్చే గాలి నింపిన పెద్ద ట్యాంకు, చేతి పంపు, ఈ పనికే చేసిన చిన్న హై ప్రెషర్ కంప్రెసర్. ఇంతే. పంక్చర్ షాపు కంప్రెసర్ అంత పైకి వెళ్లదు కాబట్టి దానితో ప్రమాదం లేదు, ప్రయోజనమూ లేదు.

మన డెల్టాలో చేతి పంపుతో వచ్చే తంటా తేమ. కాలవ గట్టు మీది ఇంట్లో పొద్దున్నే పంపు కొడితే లోపలికి వెళ్లేది సగం ఆవిరే అనిపిస్తుంది. పంపుకి తేమ పీల్చే సిలికా జెల్ గొట్టం ఉంటే పూసల రంగు మారగానే మార్చండి. మధ్య మధ్యలో ఆపి పంపుని చల్లారనివ్వండి. ఎండ పొడిగా కాసే మధ్యాహ్నం, నీడలో కొట్టడం మేలు. చెమట కారుతుంది, కారనీండి.

ఇక ఆక్సిజన్. మన ఊళ్లలో ఇది లేని వీధి లేదు. చేపపిల్లల్నీ రొయ్య పిల్లల్నీ కవర్లలో ప్యాక్ చేసే ప్రతి చోటా, తోలే ప్రతి వ్యానులోనూ నల్లటి ఆక్సిజన్ సిలిండర్ నిలబడి ఉంటుంది. మా దగ్గర మాటవరసకి దాన్ని కూడా "గాలి" అనేస్తారు. "కవర్లకి గాలి పట్టావా?" అంటారు. ఈ ప్రమాదం మొదలైంది ఆ మాట దగ్గరే అని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది. నేనూ తరగతిలో వందసార్లు "గాలి నింపుకు రండ్రా" అన్నవాణ్నే. ఏ గాలి అని ఒక్కసారీ చెప్పలేదు.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ ఐదో వంతు. మిగతాది దాదాపు నైట్రోజనే, అది మండనివ్వదు. ఆ నైట్రోజన్ తీసేసి వట్టి ఆక్సిజన్ ఒత్తిడితో నింపితే, మామూలుగా అంటుకోని వస్తువులు కూడా అంటుకుంటాయి. గ్రీజు, నూనె, రబ్బరు వాషర్లు, చివరికి అల్యూమినియం కూడా. నిప్పు ఎక్కడిది అంటారా? సైకిల్ పంపు నాలుగుసార్లు గట్టిగా కొట్టి కింది భాగం పట్టుకోండి, కాలుతుంది. వాయువుని ఒక్కసారి నొక్కితే వేడెక్కుతుంది. ఖాళీగా ఉన్న అడాప్టర్‌లోకి 150 బార్ ఆక్సిజన్ ఒక్క క్షణంలో దూసుకొస్తే, చివర మూలలో పుట్టే వేడికి నూనె చుక్క అంటుకోవడానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. ఆ అడాప్టర్ లేత్ మీంచి ఆ సాయంత్రమే దిగింది. మరల సందుల్లో కోత నూనె తడి ఇంకా ఉంది.

అడాప్టర్ ఎందుకు చేయించాల్సి వచ్చిందో ఆలోచించండి. ఒక్కో రకం వాయువు సిలిండర్‌కి ఒక్కో రకం వాల్వ్ మూతి పెట్టేది కావాలనే. మండే వాయువులకి ఎడమ మరలు, ఆక్సిజన్‌కి కుడి మరలు, కొలతలూ వేరు. ఒకదానికి ఒకటి కుదరకపోవడమే ఆ మరల పని. కుదరడం లేదంటే ఎవరో తెలివైనవాడు ముందే మీ చెయ్యి పట్టుకుని ఆపాడని అర్థం. మనవాళ్లు ఆ చెయ్యి విదిలించుకుని, మూడొందలిచ్చి ఇత్తడి ముక్క చేయించుకుంటారు.

"మా వాళ్లు రెండేళ్ల నించీ కొడుతున్నారు, ఏం కాలేదు" అనే మాట కూడా విన్నాను. విన్నాను, చూశాను కూడా. నాకు తెలిసిన ఒకాయన అలాగే నింపుకుని జిల్లా పోటీల్లో కాల్చాడు, పతకం కూడా తెచ్చుకున్నాడు. ఆయన్ని చూసే మిగతావాళ్లకి ధైర్యం వచ్చింది. ప్రతిసారీ పేలి ఉంటే ఎవరూ చేసేవారు కాదు. పదిసార్లు ఊరుకోవడమే దీనిలో అన్నింటికన్నా చెడ్డ గుణం. ఆక్సిజన్ గాలి కాదు.

పెల్లెట్లు, గుంపు, ప్రెషర్ పిచ్చి

ఇంత తెగింపు దేనికో కూడా చెప్పుకోవాలి. పది మీటర్ల టార్గెట్ మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఆ చుక్క మీదే. గుంపు (టార్గెట్ మీద షాట్లు దగ్గరదగ్గరగా పడ్డ చోటు) కాస్త విచ్చుకోగానే పిల్లలకి టెన్షన్, తల్లిదండ్రులకి ఇంకా టెన్షన్. వెంటనే "ప్రెషర్ తక్కువైంది" అంటారు. కాదు. రైఫిల్ లోపల రెగ్యులేటర్ ఉంటుంది. సిలిండర్‌లో 200 ఉన్నా 120 ఉన్నా అది దించి ఒకే ఒత్తిడి ఇస్తుంది, పెల్లెట్ వేగం మారదు. మీటరు ముల్లు మరీ కిందికి దిగాకే తేడా వస్తుంది. ఎక్కడ అనేది మీ రైఫిల్ పుస్తకంలో ఉంటుంది.

ఆ రాత్రి ఆ కుర్రాడి మీటరు 130 చూపిస్తోంది. 60 పోటీ షాట్లకీ, ముందు గురి సరిచూసుకునే సైటింగ్ షాట్లకీ కలిపి నా రైఫిల్‌లో 50 బార్ కూడా ఖర్చవదు. వాడికి ఆ గాలి చాలు. పైగా వ్యాను సిలిండర్‌లో ఉండేదే 150 ప్రాంతం. అదృష్టం బావుండి అంతా సవ్యంగా జరిగినా దక్కేది ఇరవై బార్లు. రెండు వేళ్లు పోయింది ఆ ఇరవై కోసం.

గుంపు బాగుచేసుకోవాలంటే పెల్లెట్లు పరీక్షించండి. డబ్బా వెనక లాట్ నంబరు, తల కొలత ఉంటాయి: 4.49, 4.50, 4.51. రైఫిల్‌ని క్లాంపులో బిగించి ఒక్కో లాట్‌కి పదేసి షాట్ల గుంపులు కొన్ని కాల్చి చూడండి. ఒకే ఒక్క మంచి గుంపుని నమ్మకండి. నచ్చిన లాట్ దొరికితే సీజన్‌కి సరిపడా అదే కొనిపెట్టుకోండి. ఒక్కో పెల్లెట్ అర గ్రాము పైచిలుకు. తక్కెడ మీద తూచేవాళ్లున్నారు, తూచుకోవచ్చు, కానీ అంచు నొక్కుకుపోయినవి ఏరి పారెయ్యడం వల్లే నాకు ఎక్కువ లాభం కనిపించింది. పెల్లెట్లు సీసం. నోట్లో పెట్టుకోకూడదు. కాల్చిన చేత్తో పునుగులు తినకూడదు, ముందు సబ్బుతో కడుక్కోవాలి. చిన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ డబ్బా అందనివ్వొద్దు.

మిగతావి వరసగా చెప్తాను. కొన్నింటికి కారణం చెప్పే ఓపిక లేదు.

నింపేటప్పుడు వాల్వ్ మెల్లగా తిప్పండి. మంచి గాలి అయినా సరే. ముల్లు పాకుతున్నట్టు కదలాలి, దూకకూడదు.

సిలిండర్ వేడెక్కితే ఆపండి.

వాషర్లకి సిలికాన్ గ్రీజు, అదీ కంపెనీ చెప్పినదే. కుట్టు మిషన్ నూనె, కొబ్బరి నూనె, తుప్పు వదిలించే స్ప్రే ఏదీ దగ్గరికి రానివ్వకండి. ఎక్కువ ఒత్తిడిలో మంచి గాలితో కూడా నూనె అంటుకోగలదు.

ఎండలో ఆపిన కారులో సిలిండర్ వదలకండి. 30 డిగ్రీల దగ్గర 200 బార్ నింపింది 65 డిగ్రీలకి దాదాపు 223 అవుతుంది. రోహిణి కార్తెలో అద్దాలు మూసిన కారు ఎంత కాలుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

200 అని రాసి ఉంటే 200. "ఇంకో పది పడుతుందిలే" వద్దు.

సిలిండర్ కింద పడి సొట్ట పడిందా, ఇంక దాన్ని వాడకండి. డబ్బు పోయిందని ఏడవండి, కానీ వాడకండి.

కారుతున్న సిలిండర్‌ని పానాతో, కటింగ్ ప్లయర్‌తో బిగించకండి. గాలి మొత్తం పోయాక, అదీ తెలిసినవాళ్లే.

పెద్ద ట్యాంకుని ఐదేళ్లకోసారి హైడ్రో టెస్ట్‌కి (నీళ్ల ఒత్తిడితో చేసే పరీక్షకి) పంపాలి. మెడ మీద తేదీ లేకపోతే ఆ ట్యాంకు దగ్గర నిలబడకండి.

మోటారు సైకిల్ మీద తొడల మధ్య ట్యాంకు పెట్టుకుని, ఉండి ఊరి నించి ఆకివీడు తీసుకెళ్లే వీరులారా, మీకు చెప్పేదేమీ లేదు. మీ ఇంట్లోవాళ్లకి చెప్తాను.

నింపే దగ్గర పిల్లలు వద్దు. చూడ్డానికొచ్చిన పెద్దలూ వద్దు. సిలిండర్ మీద మొహం పెట్టి మీటరు చూడకండి, పక్కనుంచి చూడండి. కళ్లద్దాలు పెట్టుకోండి.

అగ్నిమాపక సిలిండర్‌లోది వద్దు. వెల్డింగ్ షాపుది వద్దు. ఆసుపత్రి ఆక్సిజన్ "మంచిది, శుభ్రమైనది" అని ఒకాయన వాదించాడు. శుభ్రమైనదే. వద్దు. నైట్రోజన్ మండదు కదా అని ఇంకొకాయన అడిగారు. మండదు. కానీ దానికోసం చేయించిన అడాప్టర్ రేపు మీ అబ్బాయి ఏ సిలిండర్‌కి తగిలిస్తాడో మీకు తెలియదు. అదీ వద్దు.

ఇప్పటికే ఆక్సిజన్ ఎక్కించి ఉంటే దాన్ని రైఫిల్‌కి బిగించకండి. బిగించి ఉంటే కాల్చకండి. వాల్వ్ జోలికి పోకుండా, ఇంటి బయట నీడలో పెట్టి, సర్వీసు వాళ్లకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సిగ్గుపడి "గాలే" అని అబద్ధం చెప్పకండి, విప్పేది వాళ్ల చేతులతో.

పోటీ ముందు రాత్రి ఎవరూ ఏదీ నింపకూడదు. రెండు రోజుల ముందే నింపుకోండి. పెద్ద పోటీలు జరిగే రేంజిల్లో మామూలుగా నింపే ఏర్పాటు ఉంటుంది, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఉన్న గాలి చాలదనుకుంటే పోటీ మానుకోండి, వచ్చే ఏడాదీ ఉంటుంది.

వ్యాన్లున్న మావయ్యలూ, బాబాయిలూ: మేనల్లుడు ముద్దుగా అడిగినా ఇవ్వకండి. ఆక్సిజన్ గాలి కాదు.

లేత్ పనివాళ్లకి కూడా ఒక మాట. ఒక చివర ఆక్సిజన్ మర, ఇంకో చివర చిన్న మర ఉన్న ముక్క ఎవరైనా చెయ్యమంటే, ఎందుకని అడగండి. చెప్పకపోతే చెయ్యకండి.

అలాంటి ముక్క ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే, దాచిపెట్టకండి, ఎవరికీ అరువివ్వకండి. ఇవాళే హాక్సా బ్లేడుతో మధ్యకి కోసి, పాత సామాన్లవాడికి రెండు ముక్కలుగానే వెయ్యండి.